పన్నెండో పేరు: పసుపు కింద నంబరు

ఉష చేతిలో ఇక మిగిలింది ఒక్క పగలు. ఆదివారం ఉదయం విమాన ప్రదర్శనశాలలో స్మారక ఫలకం ఆవిష్కరణ. ఈ తీరం మీదుగా ఎగిరి తిరిగి రాని పదకొండు మంది పేర్లు నల్లరాతి మీద చెక్కడం అయిపోయింది. పన్నెండో చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఉండాల్సింది ఆమె తండ్రి, పైలట్ పద్మనాభయ్య పేరు. 1988 నవంబరులో చేపల సర్వే విమానం తీసుకొని వెళ్లిన పద్మనాభయ్య, విమానంతో సహా సముద్రం దాటి ఎక్కడికో పారిపోయాడని విచారణలో తేల్చేశారు. అది తప్పని చెప్పడానికి ముప్పై ఏడేళ్లుగా ఒక్క మేకు కూడా దొరకలేదు. దొరికిన రోజున తానే దగ్గరుండి పేరు చెక్కిస్తానని ప్రదర్శనశాల ట్రస్టు అధ్యక్షుడు మధుబాబు మాట ఇచ్చాడు. దగ్గర్లోని జాలర్ల పల్లె ఎర్రదిబ్బ పట్టపుపాలెంలో ఆదిశేషమ్మ అనే ఆవిడ నోట, గురువారం మధ్యాహ్నం ఒక సంగతి బయటపడింది. వాళ్ల గంగమ్మ గుడిలో పూజలందుకుంటున్నది రాతి విగ్రహం కాదు, లోహపు రేకు. దాని మీద పసుపు కింద ఏవో అంకెలున్నాయి.

శుక్రవారం ఎనిమిదింటికి ఉష షెడ్డు తాళం తీసింది. యుద్ధకాలంలో వేసిన పాత రన్‌వే చివర ఆ రేకుల షెడ్డు, అందులో రెండు విమానాలు, బయట సరుగుడు చెట్ల కింద ఇక ఎగరని హెలికాప్టరు ఒకటి. కాగితాల మీద తీర విమాన ప్రదర్శనశాల అని పేరు. కోట ఊరి బస్సు కండక్టర్లకు మాత్రం అది ఇమానాల షెడ్డు. పోయిన వారం వచ్చిన సందర్శకులు ఏడుగురు. అందులో ఇద్దరు కృష్ణపట్నం దారి అడగడానికి ఆగినవాళ్లు. ఒక జంట హెలికాప్టరు ముందు పెళ్లి ఫొటోలు తీయించుకొని, లోపలికి తొంగి కూడా చూడకుండా వెళ్లిపోయింది.

అయినా ప్రతి నెలా ఆమె గేటు పక్కన బోర్డు మీద విశేషాలు తన దస్తూరీతో రాసి అంటిస్తుంది. పాత ఇంజను విప్పి లోపలి భాగాలు చూపించే ఏర్పాటు పూర్తయింది. వచ్చే నెల రెండో శనివారం బడిపిల్లలకు కాగితం విమానాల పోటీ. ఆదివారాలు మాత్రమే హెలికాప్టరులో కూర్చోనిస్తారు. చదివేవాళ్లు లేరని ఆమెకు తెలుసు. గాలికి మూలలు లేచిపోతే మళ్లీ పిన్నులు గుచ్చుతుంది. రాయకపోతే ఆ నెల జరగనట్టే ఉంటుంది ఆమెకు.

బోర్డు పక్కన ఈసారి పెద్ద ఫ్లెక్సీ కూడా ఉంది. ఫలకం ఆవిష్కర్త శ్రీ మధుబాబు గారు, నవ్వు ముఖంతో. ఆ ఫొటో చూసినప్పుడల్లా ఉషకు గుండెలో చిన్న ముల్లు. ఆయన ఫోనులో రెండు ఫొటోలు పంపి, రెండోదే వేయించమ్మా, మొదటిది వద్దు అని మరీ మరీ చెప్పాడు. కోటలో ఫ్లెక్సీ షాపులో రెండోది తెరుచుకోలేదు. టైము లేక మొదటిదే వేయించింది. సముద్రపు గాలికి జుట్టు లేచి, ఎప్పుడూ కప్పుకునే ఎడమ చెవి అందులో బయటపడింది. చెవి పైభాగం లేదు. చిన్నప్పుడు కుక్క కరిచిందని ఒకసారి చెప్పాడు. పాపం, దానికే మొహమాటపడుతున్నట్టున్నాడు.

ఆయన్ని నొప్పించడం ఆమెకు ఇష్టం లేదు. ఆరేళ్ల కింద ఈ ఉద్యోగం ఇచ్చింది ఆయనే. తండ్రి పనిచేసిన సర్వే సంస్థలోనే అప్పట్లో ఆయన కుర్ర ఇంజనీరు. ఆ రోజు తానూ ఆ విమానం ఎక్కాల్సిందని, జ్వరం వచ్చి నెల్లూరులో ఆగిపోయానని, దేవుడే ఆపాడని ప్రతి సభలోనూ చెప్పుకుంటాడు. పారిపోయినవాడి కూతురని ఊరంతా వేలెత్తి చూపిన పిల్లకు ఆ మాత్రం ఆదరణ చూపినవాడు మరొకడు లేడు.

షెడ్డు లోపల శిల్పి నరసయ్య ఉలి పక్కన పెట్టి టీ తాగుతున్నాడు. సాయంత్రం నాలుగున్నర బస్సుకు వెళ్లిపోతానని, మళ్లీ రానని, బుచ్చిరెడ్డిపాలెంలో గుడి పని ఒప్పుకున్నానని గుర్తుచేశాడు. "ఆ ఖాళీ చూస్తా ఉంటే నోట్లో పన్ను ఊడినట్టుండాది మేడం. ఏదో ఒకటి తేల్చండి, చెక్కేసి పోతాను" అన్నాడు.

తండ్రి ఇంట్లో వదిలి వెళ్లిన నోటుబుక్కు బ్యాగులో పెట్టుకొని ఉష స్కూటీ తీసింది.

*

వేట నిషేధం రేపటితో తీరిపోతుంది. రెండు నెలలు ఒడ్డున బోర్లించిన పడవలన్నీ వెల్లకిలా తిరిగి రంగులు పూయించుకుంటున్నాయి. వలలు సరిచేసుకునే మగవాళ్ల మధ్య నుంచి ఉష నడిచి పోతుంటే పలకరింపులు తగ్గిపోయాయి. ఆమె ఎందుకు వస్తోందో అప్పటికే పాలెమంతా తెలుసు. చివరి పడవకు తారు పూస్తున్న ముత్యాలయ్య మాత్రం తలెత్తలేదు. పడవ అవతలి పక్కకు పోయి, వీపు తిప్పి నిలబడ్డాడు. ఆ రేకు సముద్రంలోంచి తెచ్చింది అతనే.

వేటకు పోయేముందు అమ్మవారికి నీళ్లు పోయడం ఆ పాలెంలో ఆడవాళ్ల పని. గుడి అంటే తాటాకు పందిరి, మట్టి అరుగు. అరుగు మీద చేయి పొడవున్న రేకు నిలబెట్టి ఉంది. పసుపు, ఆముదం, మళ్లీ పసుపు, పైన కుంకుమ. అంచులు తప్ప లోహం ఎక్కడా కనపడదు. ముత్యాలయ్య భార్య గురవమ్మ బిందె దించి, నడుం మీద చేయి పెట్టుకుంది.

"ఏంది ఉషమ్మా, మా గంగమ్మ మింద కన్నేసినావంట?"

వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "షెడ్డులో ఉండేవి చాల్లేదంట. అమ్మోరిని కూడా తీస్కపోయి టిక్కెట్టు పెడతాదంట." ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

తీసుకుపోనని, చూసి, రాసుకొని వెళ్లిపోతానని ఉష చెప్పింది. తండ్రి సంగతి చెప్పింది. ఇక్కడ చాలామందికి తెలియని కథేమీ కాదు. గురవమ్మ అంతా విని, బ్యాగులో బ్లేడు గానీ కత్తి గానీ ఉంటే పందిరి బయటే పెట్టమంది. ఇనుము తగలకూడదు. గోరుతో గీకకూడదు. ఏటేటా పోసే నీళ్లకు పై కుంకుమ మాత్రం పోతుంది. రేకు అగుపించేదాకా కడగడానికి వేరే పద్ధతి ఉంది.

"సముద్రానికి మనిషినిచ్చిన ఇంటి ఆడబిడ్డ అయితేనే కడగాల. పేరు చెప్పి, ఇచ్చినామని చెప్పి కడగాల. మొగుడు సముద్రంలో పోయిన ఏడు మా ఆదిశేషమ్మ కడిగింది. పన్నెండేళ్లాయె. ఆ తర్వాత ఎవురికీ ఆ అవసరం రాలా, గంగమ్మ దయ." గురవమ్మ గొంతు తగ్గించింది. "ఇచ్చినామని చెప్పగలవా నువ్వు? చెప్పినాక మళ్లీ వెనక్కి అడిగేదానికి లేదు."

ఉష చూపు అరుగు మీది రేకు మీదే నిలిచింది.

తండ్రి నేరం చేసి పారిపోలేదని రుజువు చేయాలని ఆమె ఇన్నేళ్లూ తిరిగింది. అయితే పారిపోయాడన్న మాటలో ఒక మూల చిన్న తీపి దాగి ఉందని ఆమె ఎవరికీ చెప్పలేదు. పారిపోయినవాడు బతికి ఉంటాడు. ఏదో దేశంలో, ఏదో ఊళ్లో, ముసలివాడై కిటికీ దగ్గర కూర్చుని ఉంటాడు. తల్లి వెంకటశేషమ్మ నాలుగేళ్ల కింద పోయేనాటికి కూడా నుదుట బొట్టు తీయలేదు. ఆయన యాడో ఉండాడు, రానియ్యి, వచ్చినాక నేనడగతా అనేది. తల్లి పోయాక ఆ ఎదురుచూపు ఉషకు వంతుగా వచ్చింది. నలభై రెండేళ్ల మనిషికి ఇంట్లో తోడుగా ఉన్నది అదొక్కటే.

కడిగితే అది పోతుంది. కడగకపోతే రాయి మీద చోటు అలాగే ఉండిపోతుంది.

ఆదిశేషమ్మ ముందుకు వచ్చి ఏమీ అనకుండా బిందె ఎత్తి ఉష చేతుల్లో పెట్టింది. పెట్టి, కొంగు నడుముకు చుట్టి, తానూ రెండో బిందె పట్టుకొని పక్కన నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి.

"మా నాయన పద్మనాభయ్య" అంది ఉష. "గంగమ్మా, ఆయన నీ దగ్గరే ఉండాడు. నీకే ఇచ్చినాము."

మొదటి బిందెకు కుంకుమ జారింది. రెండో బిందె పోసి, కుంకుడు నురగతో అరచేత్తో రుద్దింది. పసుపు నీళ్లు మోచేతులదాకా కారి చీరంతా తడిపేశాయి. మూడో బిందె, నాలుగో బిందె. పూత ముద్దలు ముద్దలుగా ఊడి వస్తోంది. ఉప్పుగాలికి ఎప్పుడో చివికిపోవాల్సిన అల్యూమినియం, ఆముదం పుణ్యమా అని కింద చెక్కుచెదరకుండా ఉంది. రెక్క రేకును బిగించే రివెట్లు వరసగా తగిలాయి వేళ్లకు. రివెట్ల పక్కన గుంటలు. ఆమె కళ్లు మూసుకొని వేలి కొసతో ముందు చదివింది. తర్వాత కళ్లు తెరిచి చూసింది.

60417.

తండ్రి నోటుబుక్కులో ఆఖరి పేజీ ఆమెకు కంఠతా వచ్చు. 'ఎడమ రెక్క మార్చారు. కొత్త దాని నంబరు 60417. ఆఫీసు రిజిస్టరులో ఇంకా ఎక్కించలేదు.' ఎక్కించకముందే విమానం వెళ్లిపోయింది. లోకంలో ఆ నంబరు ఉన్నది ఆ పేజీలో, ఈ రేకు మీద.

విమానం ఎక్కడికీ పోలేదు. ఈ ఒడ్డుకు కూతవేటు దూరంలోనే పడింది.

ఉష ఏడ్చిందో లేదో ఆమెకే తెలియదు, ముఖమంతా నీళ్లే. ఫొటోలు తీసుకుంది. గురవమ్మ కొత్త పసుపు కలిపి తెచ్చి, మొదటి పూత ఆమె చేతే పూయించింది. లేచేటప్పుడు ఉష సముద్రం వైపు చూసింది. చివరి పడవ దగ్గర తారు డబ్బా, బ్రష్షు ఉన్నాయి. ముత్యాలయ్య లేడు.

*

మధ్యాహ్నం పన్నెండుకు ఆమె మధుబాబుకు ఫోను చేసింది. సంగతంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. లైను పోయిందేమోనని రెండుసార్లు సార్, సార్ అంది. చివరికి ఆయన నెమ్మదిగా, మంచిదమ్మా, చెక్కించు, మాటంటే మాటే అన్నాడు. రేకు ఎక్కడుందని అడిగాడు. గుడిలోనే ఉందని, వాళ్లు ఇవ్వరని చెప్పింది.

నరసయ్య ఉలి శబ్దం మొదలైంది. ఒక్కో అక్షరం పడుతుంటే ఉష పక్కనే స్టూలు వేసుకొని కూర్చుంది. పక్కన కూర్చోవడానికి, చేయి పట్టుకోవడానికి, చూశావా అని అనడానికి ఎవరూ లేరు. ఫోను తీసి పేర్లన్నీ పైనుంచి కిందికి జరిపింది. ఈ వార్త చెప్పాల్సిన మనిషి ఒక్కరే, ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఫోను బ్యాగులో పడేసింది. కాసేపాగి లేచి వెళ్లి, గేటు పక్క బోర్డు మీద కొత్త కాగితం పెట్టి రాసింది: 'ఫలకంపై పన్నెండో పేరు చేరింది.' కింద ఇంకేం రాయాలో తెలియలేదు. పిన్ను గుచ్చి వచ్చేసింది.

నాలుగుంబావుకు నరసయ్య రాతి పొడి ఊది, తడిగుడ్డతో తుడిచి, పన్ను కట్టేసినాను మేడం అని నవ్వి బస్సుకు వెళ్లిపోయాడు. ఆయన వెళ్లిన పది నిమిషాలకు షెడ్డు గుమ్మంలో నీడ పడింది.

ముత్యాలయ్య. చేతులకు తారు ఇంకా వదల్లేదు. డెబ్బై ఏళ్ల మనిషి, పాలెం ఇంత దగ్గరే అయినా ఒక్కసారి కూడా ఇటు రాలేదు. చెప్పులు బయట విడిచాడు, గుడికి వచ్చినట్టు. ఫలకం మీద కొత్త అక్షరాలు చదవలేడు గనుక తడిమి చూశాడు. ఆ పైన గోడ మీద పద్మనాభయ్య ఫొటో ఉంది, టోపీ చంకలో పెట్టుకొని, ఎండకు కళ్లు చికిలించి. ముసలాయన దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఈయనేనా మీ నాయన?"

ఔనంది ఉష.

"ఆ ఇమానంలో ఎంతమంది ఎక్కినారమ్మా?"

"ఒక్కరే. మా నాన్న."

"ఒక్కరే అయితే" అన్నాడు ముత్యాలయ్య, ఫొటో మీద నుంచి చూపు తిప్పకుండానే, "నేను నీళ్లలోంచి తీసింది ఎవుర్ని?"

ఆయన నేల మీద గొంతుక్కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు సందకాడ తానూ తమ్ముడూ తిరిగి వస్తుంటే నీళ్ల మీద తెల్లగా ఏదో తేలుతూ కనిపించింది. బోలు రెక్క ముక్క. దాన్ని కావలించుకొని ఒక మనిషి. ముప్పై లోపు వయసు, చెవి తెగి ఒళ్లంతా నెత్తురు. మనిషినీ, ఆ ముక్కనీ పడవలోకి లాగారు. ఈ తీరంలో నీళ్లలోంచి మనిషిని తీస్తే పేరు అడగరు, ఊరు అడగరు. తాగడానికి నీళ్లు ఇచ్చేముందే ఒక మాట అడుగుతారు. ఇంకెంతమంది? ఆ జవాబును బట్టి పడవ అక్కడే తిరుగుతుంది, లేదా ఒడ్డుకు తిరుగుతుంది. తాతల నాటి నుంచి అంతే. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పినవాణ్ణి ఎవరూ ఎరగరు.

"అడిగినా. ఒకటికి రెండుతూర్లు అడిగినా. ఒక్కణ్ణే అన్నాడు." ముత్యాలయ్య తారు చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "నమ్మి తిప్పుకున్నా. గాలి కూడా పెద్దగా లేదు ఆ పొద్దు. ఇంకో గంట ఆడనే తిరిగే ఓపిక మాకుండింది తల్లీ."

ఆ మనిషిని రాత్రి ఇంట్లో పడుకోబెట్టారు. తెల్లవారగానే కోట బస్సు ఎక్కి వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఒకటి చెప్పాడు. నన్ను చూసినట్టు ఎవరికైనా తెలిస్తే పోలీసులు ఈ రేకు పట్టుకుపోతారు అని. ఆ వారమే వలలు తెగేంత చేప పడింది. అమ్మవారే రేకు రూపంలో వచ్చిందని పాలెం నమ్మింది. పసుపు పూశారు. తర్వాత జీపులో ఆఫీసర్లు వచ్చి ఏమైనా దొరికిందా అని ఇల్లిల్లూ అడిగితే, అమ్మవారిని ఎవరైనా పోలీసులకు అప్పగిస్తారా, ఏమీ దొరకలేదన్నారు. ముత్యాలయ్యే అందరికన్నా ముందు అన్నాడు.

"పొద్దున నువ్వు ఇచ్చినామంటివే. ఆ మాట విన్నాక పడవ కాడ నిలబడలేకపోయినా. మీ నాయన్ని మీరు ఇయ్యలేదమ్మా. నేను వదిలిపెట్టి వచ్చినా."

ఉష అతన్ని తిట్టాలనుకుంది. తిట్టడానికి నోరు తెరిస్తే కళ్ల ముందు సాయంకాలపు సముద్రం వచ్చింది. ఒక పడవ ఒడ్డు వైపు వెళ్లిపోతోంది. దాని వెనక నీళ్లలో ఒక మనిషి, టోపీ లేదు, కళ్లు చికిలించి ఆ పడవనే చూస్తున్నాడు. కేక వేసే ఉంటాడు. ఎంతసేపు వేసి ఉంటాడు?

ముత్యాలయ్య లేచి, కండువాతో ముఖం తుడుచుకుని బయటికి నడిచాడు. చెప్పులు తొడుక్కుంటూ తల ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు. ఎదురుగా గేటు పక్కన ఫ్లెక్సీ. మధుబాబు నవ్వుతున్నాడు, గాలికి జుట్టు లేచి.

ముత్యాలయ్య నెమ్మదిగా దగ్గరకు వెళ్లాడు. ముఖం కేసి చూడలేదు. తారు వేలు ఎత్తి, సగం లేని ఎడమ చెవి మీద ఆనించాడు.

"పసుపు అద్ది కట్టు కట్టింది గురవమ్మే. ముక్క యాడో నీళ్లలోనే పోయింది, కుట్టేదానికి ఏం లేదనింది. అయ్యో నొప్పి అని కూడా అనలా ఈ మనిషి."

నెల్లూరులో జ్వరం. కుక్క కాటు. రెండో ఫొటోనే వేయించమ్మా. ఆరేళ్ల ఆదరణ. ఒక్కొక్కటీ వచ్చి తన చోట కూర్చుంది, రాతి మీద అక్షరాల్లాగా.

బ్యాగులో ఫోను మోగింది. మధుబాబు సారు.

ఆయన గొంతు ఎప్పటిలా మెత్తగా ఉంది. ఆదివారం దాకా ఆగలేకపోయానమ్మా, రేకు నా కళ్లతో చూడాలి, కృష్ణపట్నం దాటేశాం, అరగంటలో నీ దగ్గర ఉంటాను, మనుషుల్ని కూడా తెస్తున్నాను, దాన్ని జాగ్రత్తగా తీసుకుపోవాలి కదా అన్నాడు. సరుగుడు చెట్ల పైనుంచి సాయంత్రపు గాలి లేచి బోర్డు మీద కాగితాలు రెపరెపలాడాయి. ముత్యాలయ్య వేలు ఇంకా ఫ్లెక్సీ మీదే ఉంది.

"అన్నట్టు" అన్నాడు మధుబాబు, "అక్కడ నీతో ఇంకెంతమంది ఉన్నారమ్మా?"

ఉష ముసలాయన వైపు చూసింది. పెదవుల మీద వేలు పెట్టి, మాట్లాడవద్దని సైగ చేసింది.

"ఎవరూ లేరు సార్" అంది. "ఒక్కదాన్నే."